వెలగలంకలో లేని డిస్కులు

వెలగలంకను డిస్కురహిత పట్టణంగా మార్చాలని మునిసిపాలిటీ తీర్మానించిన రోజున ఊళ్ళో కుళాయిలు రాలేదు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఖాళీ బిందెలతో కుళాయి దగ్గర నిలబడ్డ జనానికి మైకు కట్టిన ఆటో చెప్పేది వినే తీరిక దొరికింది కాబట్టి, ప్రచారం మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

"మీ ఇంట్లో పాత డీవీడీలు మూలుగుతున్నాయా? మీ బీరువాను ఆక్రమిస్తున్నాయా? తీసుకురండి! మునిసిపాలిటీ వారు ఉచితంగా చిన్న చిన్న డిజిటల్ ఫైళ్ళుగా మార్చి ఇస్తారు. డిస్కు వదలండి, ప్రగతి పట్టండి!"

ఆ మాట విని బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తినవాడు ఊరు మొత్తం మీద ఒక్కడే. ఆయన కడలి వీరభద్రం.

వీరభద్రం చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర ముప్ఫై రెండేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అది పొట్ట కోసం చేసిన పని. మనసు కోసం చేసింది పద్యనాటకం. ఊళ్ళో పన్నెండుమంది కలిసి పెట్టుకున్న నాటక సమాజంలో అతనిది ఎప్పుడూ మంత్రి వేషమే. రాజు పద్యం పాడుతున్నంతసేపూ పక్కన చేతులు కట్టుకు నిలబడి, అయ్యాక "చిత్తం మహాప్రభూ" అనడం ఆ వేషం బాధ్యత. తనకో పద్యం ఇవ్వలేదన్న వెలితి లోపల ఉన్నా, రాజు వేషం వేసే బొండాడ అప్పలస్వామి గొంతు విన్నాక దాన్ని పైకి చెప్పుకునే మొహం ఎవరికీ ఉండదు. అప్పలస్వామి పద్యం చివర "ఆ" అని రాగం అందుకున్నాడంటే, జనంలో ఒకడు లేచి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి కూడా ఆ "ఆ" అక్కడే ఉండేది. ఇంకో మెట్టు పైకెక్కి ఉండేది.

ఆ నాటకాలన్నీ వీరభద్రమే వీడియో తీశాడు. స్టేజీకి ఎదురుగా మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టి, మీట నొక్కి, పంచె ఎగ్గట్టి పరుగున వెళ్ళి వేషంలో నిలబడేవాడు. అందుకే ప్రతి డిస్కూ పరుగెత్తే మంత్రి వీపుతో మొదలవుతుంది. పదకొండేళ్ళలో అలా రెండువందల పద్నాలుగు డిస్కులు పోగయ్యాయి.

ఇప్పుడు అప్పలస్వామి లేడు. సమాజంలో మిగిలింది వీరభద్రం, హార్మోనియం వాయించే గవర్రాజు మాస్టారు, ఇద్దరే. మాస్టారికి ఎనభై ఒకటి. డిస్కుల మీదా మచ్చలు తేలుతున్నాయి. ప్లేయరు రెండేళ్ళ క్రితమే కన్నుమూసింది. దాన్ని బాగుచేసే మెకానిక్ ఇప్పుడు సెల్‌ఫోన్లకి గ్లాసులు అంటిస్తున్నాడు.

డిస్కులన్నీ గోనెసంచుల్లోకి సర్దుతున్న మొగుణ్ణి చూసి సీతారత్నం గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, కుళాయిలో నీళ్ళు రప్పించలేనోళ్ళు డిస్కులోంచి అప్పలస్వామిగారిని రప్పిస్తారంటారా?"

"ఊరికే చేస్తారంటే కూడా వంకలేనా నీకు? పెన్‌డ్రైవులో పెట్టి ఇస్తారంటే, జేబులో వేసుకు తిరగొచ్చు మనవాళ్ళందర్నీ."

"తిరగండి. బిందె మాత్రం కుళాయి దగ్గరే ఉండిపోయింది. అది ఎవరు తెస్తారు?"

మునిసిపల్ ఆఫీసులో డిస్కు విముక్తి విభాగానికి ప్రత్యేకాధికారి త్రిలోచనరావు. అంతకుముందు ఆయన అదే గదిలో కూర్చుని వెలగలంకను దోమలరహిత పట్టణంగా చేశాడు. ఆ సంగతి దోమలకి తప్ప అందరికీ ఉత్తర్వుల ద్వారా తెలియజేశారు.

"రెండువందల పద్నాలుగు!" త్రిలోచనరావు కుర్చీలోంచి లేచాడు. "ఇంతటి డిస్కు భారాన్ని మోస్తూ కూడా స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ప్రథమ పౌరులు మీరే. మా విభాగం లక్ష్యం ఒక్కటేనండీ, సంక్షిప్తత. డిస్కు ఒక్కింటికి పది ఎంబీ. అంతకు ఒక్క ఎంబీ కూడా మించనీయం." చెబుతూనే చేతిమీద వాలినదాన్ని ఠపీమని కొట్టాడు. అదేమిటో రికార్డుల్లో లేదు.

"పది ఎంబీ అంటే అంతా పడుతుందాండీ?" అన్నాడు వీరభద్రం.

"ఆవశ్యకమైనదంతా పడుతుంది."

పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరు సత్యవేణి ఆ మాటకి తలెత్తి వీరభద్రం వైపు చూసింది. ఏదో చెప్పబోయి, ఆఫీసరు వైపు చూసి, మళ్ళీ తల దించేసుకుంది. వీరభద్రం దరఖాస్తు నింపి, మూడు గోనెసంచులూ అప్పగించి, రసీదు పుచ్చుకుని ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

పది రోజులకి పిలుపొచ్చింది. మొదటి నాటకం తయారైంది, నమూనా చూసుకోమన్నారు. గవర్రాజు మాస్టారిని రిక్షాలో వెంటబెట్టుకుని వెళ్ళాడు. మాస్టారు ఇస్త్రీ లాల్చీ వేసుకుని, అప్పలస్వామిని చూడబోతున్నానని పొద్దున్నే గడ్డం కూడా గీయించుకున్నాడు.

సత్యవేణి మీట నొక్కింది. మంత్రి వీపు స్టేజీ వైపు పరుగెత్తింది. రాజు వచ్చాడు. నోరు తెరిచి "ఆ" అన్నాడు. వెళ్ళిపోయాడు. మంత్రి "చిత్తం మహాప్రభూ" అన్నాడు. తెర పడింది. మూడు గంటల నాటకం నాలుగు నిమిషాల పదకొండు సెకన్లలో అయిపోయింది.

"అప్పలస్వామేడ్రా?" అన్నాడు మాస్టారు.

"వచ్చి వెళ్ళాడండి."

త్రిలోచనరావు మొహం వెలిగిపోతోంది. "ఈ మంత్రి ఎవరో గాని చాలా సంక్షిప్తమైన మనిషండీ. ఈయన పాత్రలో మేం ఒక్క క్షణం కూడా తొలగించవలసిన అవసరం రాలేదు."

ముప్ఫై ఏళ్ళలో తన నటనకి దొరికిన మొదటి మెప్పు అది. దాన్ని ఆస్వాదించే స్థితిలో లేడు వీరభద్రం. "అయ్యా, పద్యం ఏదండీ? రాగం ఏదండీ?"

"ఒకే అక్షరం ఆరు నిమిషాల నలభై సెకన్ల పాటు పునరావృతమైనట్లు మా పరిశీలనలో తేలింది. సదరు అక్షరానికి ఒక ప్రతిని భద్రపరిచి, తక్కిన ప్రతులను తొలగించడమైనది."

"అవి ప్రతులు కాదు బాబూ," అన్నాడు మాస్టారు. "ఒక్కో 'ఆ' ఒక్కో చోట ఉంటాది."

"అయితే మీకు ఏ 'ఆ' కావాలో దరఖాస్తులో స్పష్టంగా పేర్కొనండి. మారుస్తాం."

"మరి జనం వన్స్ మోర్ అన్నాక రెండోసారి పాడిందండీ?" అన్నాడు వీరభద్రం.

"అది డూప్లికేటు. ఒకే వ్యక్తికి ఒకే పద్యం రెండుసార్లు మంజూరు కాదు."

మాస్టారు లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు. వెళ్ళి రిక్షాలో కూర్చున్నాడు. వీరభద్రం ఆ ఇస్త్రీ లాల్చీ వీపు వైపు చూసి, బల్ల దగ్గరికి తిరిగాడు.

"నా డిస్కులు నాకిచ్చెయ్యండి. నాకే ఫైళ్ళూ వద్దు."

"నమోదైన డిస్కు పట్టణానిది. దాన్ని తిరిగి జనజీవనంలోకి విడుదల చేసే అధికారం నాకు లేదు. వచ్చే నెల పదో తారీఖున ప్రకటనోత్సవం. పెద్ద అధికారి విచ్చేసి బటన్ నొక్కి, మొత్తం డిస్కులను యంత్రంలో తునకలు చేస్తారు. మీవి అత్యధిక సంఖ్య కాబట్టి మీవాటితోనే శ్రీకారం." ఆయన కంఠంలో నిజమైన ఆప్యాయత ఉంది. "పేరు కూడా చదివిస్తాం."

ఆ నెల రోజుల్లో సంక్షిప్తత మునిసిపాలిటీని పూర్తిగా ఆవహించింది. పది ఎంబీ విధానాన్ని పైనుంచి ఎవరో మెచ్చుకున్నారని తెలియడంతో, డిస్కులకే దాన్ని పరిమితం చెయ్యడం అన్యాయమనిపించింది. ముందు 'వెలగలంక పురపాలక సంఘం' అన్న ఆఫీసు బోర్డు 'వెపుసం' అయింది. పోయిన కౌన్సిలరుకి సంతాపంగా పాటించే రెండు నిమిషాల మౌనాన్ని నాలుగు సెకన్లకి కుదించారు. మౌనంలో కూడా పునరావృతం ఎక్కువగా ఉందని తేల్చారు. భోజన విరామం ఒక్కటే యథాతథంగా మిగిలింది.

ఇంటింటికీ 'డిస్కురహిత గృహం' అనే రేకు బిళ్ళ కొట్టడం మొదలుపెట్టారు. బిళ్ళ లేని ఇంటికి కుళాయి ఉండదన్నారు. డిస్కు అప్పగించిన రసీదు చూపిస్తేనే బిళ్ళ. టీకొట్టు సన్యాసి ఇంట్లో డిస్కు కాదు కదా, టీవీ కూడా లేదు.

"నాకాడ లేవు బాబూ అంటే, లేనట్టు రుజువేదీ అంటన్నారండి," అని వీరభద్రంతో మొరపెట్టుకున్నాడు. చివరికి పక్క ఊళ్ళో వియ్యపురాలి దగ్గర ఒక డిస్కు బదులు తెచ్చి అప్పగించి, లేనివాడిగా గుర్తింపు పొందాడు.

వీరభద్రం నాలుగు పేజీల అర్జీ రాశాడు. అప్పలస్వామి గురించి రాశాడు, గవర్రాజు మాస్టారి లాల్చీ గురించి రాశాడు, రాగం అంటే ఏమిటో తనకి తెలిసినంతలో రాశాడు. చివర "కనుక తమరు దయయుంచి నా డిస్కులను నాకు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాను" అని సంతకం పెట్టాడు.

అర్జీలని కూడా కొత్త విధానంలోనే స్వీకరిస్తున్నారు. నాలుగు పేజీలూ యంత్రంలో పడి, కుదించుకుని, కుదించుకుని, రెండు మాటలై బయటికొచ్చాయి. "డిస్కులు. వేడుక."

వేడుక అంది కాబట్టి ఆ కాగితం ఉత్సవాల విభాగానికి వెళ్ళింది. వారం తిరిగేసరికి వీరభద్రానికి జవాబు. 'తమరు కోరిన ప్రకారం, డిస్కుల వేడుకలో, అనగా ప్రకటనోత్సవంలో, తునకలు చేయు కార్యక్రమానికి ముందు మూడు నిమిషాలు మించకుండా సాంస్కృతిక ప్రదర్శన సమర్పించుటకు అనుమతించడమైనది.'

వీరభద్రం ఆ ఉత్తరం పట్టుకుని వీధి అరుగు మీద కూలబడ్డాడు. సీతారత్నం చదివి, ఇంకోసారి చదివి, "మీరు దేనికి రాశారు, వాళ్ళు దేనికిచ్చారు?" అంది.

"చచ్చినవాడి పెళ్ళికి నన్ను సన్నాయి వాయించమన్నట్టుంది. నే వెళ్ళను."

"ముందు మాస్టారికి చూపించండి."

గవర్రాజు మాస్టారు ఉత్తరాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "మూడు నిమిషాలన్నారు. మన హార్మోనియం శ్రుతి పట్టడానికే పావుగంట కదరా. ఆ పెద్ద అధికారి ఎంతసేపుంటాడు?"

"పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్ళిపోవాలటండి. మధ్యాహ్నం ఇంకో ఊరిని ఇంకోదాన్నుంచి విముక్తం చెయ్యాలట."

"అయితే పదరా. పద్యం ఎప్పుడు మొదలెట్టాలన్నది వాళ్ళ ఇష్టం. ఎప్పుడు ఆపాలన్నది మనిష్టం."

"పద్యం ఎవరు పాడతారు మాస్టారూ?"

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇంకెవరున్నార్రా?"

అరవై ఆరేళ్ళ వయసులో, మంత్రికి రాజ్యం దక్కింది.

పదో తారీఖు పొద్దున మునిసిపల్ మైదానం కిటకిటలాడింది. రేకు బిళ్ళలు అక్కడే పంచుతారని చెప్పడంతో ఊరంతా వచ్చింది. స్టేజీ పక్కన పచ్చరంగు వేసిన తునకల యంత్రం, దానికి బంతిపూల దండ, దాని కాళ్ళ దగ్గర మూడు గోనెసంచులు. కుర్చీలో పెద్ద అధికారి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. స్వాగతాలూ దండలూ అయ్యేసరికి పదకొండున్నర.

"ఇప్పుడు కేవలం మూడు నిమిషాల పాటు..." అని త్రిలోచనరావు మైకులో అంటూండగానే మాస్టారు హార్మోనియం ముందు కూర్చుని మెల్లగా తిత్తి ఆడించాడు. ఒక మెట్టు నొక్కాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో మెట్టు నొక్కాడు. స్టేజీ కింద ముసలాళ్ళు కొందరు ముందుకి జరిగి కూర్చున్నారు. శ్రుతి సరిపడేసరికి పదకొండూ ముప్పావు.

వీరభద్రం లేచాడు. ఏళ్ళ అలవాటు కొద్దీ చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. మాస్టారు కళ్ళతోనే గదిమాడు. చేతులు విప్పి, రాజు తన రాజ్యాన్ని వదిలి అడవికి బయలుదేరే పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదంలో గొంతు వణికింది. రెండో పాదంలో ఒక మాట మింగేశాడు. మూడో పాదానికి వెనకనుంచి హార్మోనియం అతన్ని భుజం పట్టి లేపినట్టు లేపింది. నాలుగో పాదం చివర "ఆ" అన్నాడు.

అది అప్పలస్వామి "ఆ" కాదు. కొంచెం కరుకుగా, కాటా మీద చెరకు బండి ఎక్కినప్పటి చప్పుడులా ఉంది. కాని అందులో నాలుగు పేజీల అర్జీ ఉంది. పైకి వెళ్ళింది, అక్కడ నిలబడింది, దిగివస్తుందేమో అనుకుంటే ఇంకా పైకి వెళ్ళింది. రేకు బిళ్ళల వరసలో నిలబడ్డవాళ్ళు వరస వదిలేసి స్టేజీ దగ్గరికి వచ్చారు.

త్రిలోచనరావు మూడు వేళ్ళు చూపించాడు. తర్వాత చేతి గడియారం చూపించాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. వీరభద్రం కళ్ళు మూసుకుని ఉన్నాడు. మైకు తీసేద్దామని ఆయన ఒక అడుగు వేశాడో లేదో టీకొట్టు సన్యాసి కిందనుంచి కేకేశాడు. "ఓయ్, చెయ్యెయ్యకండి! పాడనివ్వండి!"

పద్యం ముగిసింది. మైదానం ఒక్క గొంతుతో "వన్స్ మోర్!" అంది. మాస్టారు అప్పటికే తిత్తి ఆడిస్తున్నాడు.

పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా పెద్ద అధికారి త్రిలోచనరావు చెవిలో అన్నాడు. "నేను బయలుదేరాలి. ఆ ప్రకటన ఇలా తెండి, సంతకం పెట్టేస్తాను. తునకలు మీరు తర్వాత చేసుకోండి." రెండోసారి "ఆ" ఇంకా సగంలో ఉండగానే సంతకం పడింది. 'ఈ క్షణం నుండి వెలగలంక పట్టణ పరిధిలో ఒక్క డిస్కు కూడా లేదని ఇందుమూలంగా ప్రకటించడమైనది.' కారు వెళ్ళిపోయింది. పద్యం మాత్రం ఒంటిగంటదాకా జరిగింది.

మర్నాడు వీరభద్రం గొంతుకి మఫ్లరు చుట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. మూడు గోనెసంచులూ త్రిలోచనరావు బల్ల పక్కనే ఉన్నాయి. ఆయన వాటిని చూడకుండా ఉండటానికి చాలా శ్రమ పడుతున్నాడు.

"నా డిస్కులండీ..." అన్నాడు వీరభద్రం, గొంతు పెగలక గుసగుసగా.

"ఏ డిస్కులు?"

"ఇవేనండి."

"నిన్న మధ్యాహ్నం నుంచి ఈ పట్టణంలో డిస్కులు లేవు. ప్రకటన వెలువడింది."

"మరి తునకలు చేసేస్తారా?"

త్రిలోచనరావు నీరసంగా కుర్చీలో వెనక్కి వాలాడు. రాత్రంతా ఆలోచించినట్టు కళ్ళ కింద నల్లగా ఉంది. "ఎలా చేస్తాను? లేనివాటిని తునకలు చెయ్యమని ఉత్తర్వు ఎలా ఇస్తాను? చేస్తే ఉన్నట్టవుతుంది. ఉంచితే స్టాకు రిజిస్టరులో రాయాలి. రాస్తే ఉన్నట్టవుతుంది. పైవాళ్ళు తనిఖీకొస్తే నా బల్ల పక్కన ఇవేమిటంటే ఏం చెప్పను?"

కంప్యూటర్ దగ్గరనుంచి సత్యవేణి, తల ఎత్తకుండానే అంది. "సార్, లేనివాటిని ఎవరైనా తీసుకెళ్తే, మన దగ్గరనుంచి ఏదైనా పోయినట్టు అవుతుందాండీ?"

త్రిలోచనరావు కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. నిటారుగా కూర్చున్నాడు. "కాదు," అన్నాడు. "లేనిది పోదు. నిబంధనల ప్రకారం పోలేదు."

అయిదు నిమిషాల్లో గేటు పాసు తయారైంది. 'ఖాళీ గోనెసంచులు, మూడు.' గేటు దగ్గర వాచ్‌మన్ ఒక సంచి ఎత్తి రిక్షాలో పెట్టబోయి నడుం పట్టుకున్నాడు.

"ఏటండీ ఇది, ఖాళీ సంచి ఇంత బరువుంది?"

"పాత సంచి కదయ్యా," అన్నాడు వీరభద్రం.

ఆ ఆదివారంనుంచి సత్యవేణి వీరభద్రం ఇంటికి రావడం మొదలుపెట్టింది. తన సొంత కంప్యూటరు, దానికో డీవీడీ డ్రైవు తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టింది. "ఆ మొదటి రోజే చెప్పాలనుకున్నాను బాబాయిగారూ, నోరు పెగల్లేదు," అంది. "డిస్కులో నాలుగు జీబీల పైన ఉంటుంది. నాలుగో వంతుకి తెచ్చినా కంటికి తేడా తెలీదు, చెవికీ తెలీదు. అంతకంటే నొక్కితేనే మనుషులు పోతారు." మచ్చలు తేలిన డిస్కుల్ని మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడవడం సీతారత్నానికి నేర్పింది. ఇరవై ఆరు డిస్కులు ఎంత తుడిచినా కళ్ళు తెరవలేదు. తక్కినవన్నీ వచ్చాయి. గవర్రాజు మాస్టారు వారం వారం అదే ఇస్త్రీ లాల్చీలో వచ్చి, అప్పలస్వామిని పూర్తిగా విని వెళ్ళేవాడు.

నాలుగో నెలలో ఒక ఆదివారం సాయంత్రం గుమ్మం ముందు స్కూటరు ఆగింది. త్రిలోచనరావు. ఆఫీసులో కనిపించే మనిషిలా లేడు. చొక్కా టక్కు చెయ్యలేదు. చేతిలో ఒక గుడ్డసంచి ఉంది. సత్యవేణి గబుక్కున లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. నేను ఆఫీసు పని మీద రాలేదు. ఇక్కడ డిస్కులు పూర్తిగా మారుస్తున్నారని విన్నాను." వీధి వైపు ఒకసారి చూసి, సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. "మా పెళ్ళి డిస్కు. నేను అప్పగించలేదు. బియ్యం డబ్బాలో దాచాను."

సీతారత్నం ఆయనకి కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.

"పది ఎంబీలో పెట్టి చూశానండీ, ఇంట్లో, ఒక నకలు తీసి. నేను తాళి కట్టాను. భోజనాలయ్యాయి. అంతే. మా అమ్మ లేదు. తాళి కట్టేటప్పుడు ఆవిడ పక్కన లేదు, ఎక్కడో వెనక వరసలో పిల్లల మధ్య కూర్చుని ఉంటుంది. ఆవశ్యకం కిందికి రాలేదు." డబ్బాని వేళ్ళతో అటూ ఇటూ తిప్పాడు. "పోయి ఆరేళ్ళయింది. ఇంకెక్కడా కదిలే బొమ్మ లేదు ఆవిడది."

వీరభద్రం చెయ్యి చాచి డబ్బా అందుకున్నాడు.

"పూర్తిగా చేస్తారాండీ? ఎంత జీబీ అయినా ఫర్వాలేదు." త్రిలోచనరావు గొంతు సవరించుకున్నాడు. "ఒకచోట ఆవిడ ఆవలిస్తుంది. చాలాసేపు ఆవలిస్తుంది. దాన్ని ముట్టుకోకండి."